పూడ్చిన పాయ

"ఉప్పునీళ్ళు మింగాడు, పోయాడు. నెట్టినవాడు అల్లుడు. ఇందులో నీ బుర్రకెక్కనిది ఏముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, కుర్చీలో వెనక్కి వాలుతూ.

"నీ తొందర ఎక్కడం లేదు," అంది డిటెక్టివ్.

ఆమెను కూర్చోమని అతను అనలేదు. అన్నా ఆమె కూర్చునేది కాదు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో శిక్షణ పొందినవాళ్ళు. అతను ఉద్యోగంలోనే ఉండి పొట్ట పెంచాడు. ఆమె ఓ పైఅధికారి బల్ల మీద టోపీ విసిరికొట్టి బయటికొచ్చేసి, టైర్ల షాపు పైన ఒక గది అద్దెకు తీసుకుని ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు కట్టింది. టోపీ విసిరిన రోజున డిపార్ట్‌మెంట్ ఆమెకు మిరపకాయ అని పేరు పెట్టింది. చాటుగా పిలుచుకుందామని పెట్టుకున్న పేరది. ఇప్పుడు ఊరంతా ఎదురుగానే పిలుస్తోంది, ఆమె పలుకుతోంది కూడా.

పోయినాయన పడవల మేస్త్రి. ఊళ్ళో పడవలు పోయినా ఆయనకా పేరు పోలేదు. నిన్న తెల్లారేసరికి కొత్త బీచ్‌రోడ్డు కింద బండరాళ్ళ మధ్య శవమై కనిపించాడు. ఊపిరితిత్తుల నిండా ఉప్పునీళ్ళేనని డాక్టరు తేల్చాడు. అంతకుముందు సాయంత్రం మామా అల్లుళ్ళిద్దరూ రోడ్డు మీద నిలబడి గొంతులు చించుకోవడం సగం వీధి చూసింది. ఇంకేం, మధ్యాహ్నానికల్లా అల్లుడు లాకప్‌లో ఉన్నాడు. ఈ సాయంత్రం ఐదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు, అక్కణ్ణుంచి జైలే. ఒక్కరోజులో తండ్రినీ మొగుణ్ణీ పోగొట్టుకున్న మేస్త్రి కూతురు స్టేషన్ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. మిరపకాయను ఆ పిల్ల అడిగింది ఒక్కటే. "నాన్న ఎలాగూ రాడక్కా. ఆయన్నన్నా తీసుకొచ్చి పెట్టు."

ఆ మాట పొద్దుట్నుంచీ మిరపకాయను వదలడం లేదు.

ఇన్‌స్పెక్టర్ ఫోను మోగింది. అవతల వాళ్ళమ్మ. ఆవిడ గొంతు బల్ల దాటి వినిపించేంత గట్టిది.

"ఏమ్మా... తలుపా? కొత్త చెక్కమ్మా, సముద్రపు గాలికి ఉబ్బుతుంది. గట్టిగా లాగితే వస్తుంది. సరే, సరే, వడ్రంగిని పంపిస్తాలే." ఫోన్ పెట్టేసి, "కొత్తిల్లు. పగలు మా బాబుని చూసుకుంటూ అమ్మ ఒక్కతే ఉంటుంది, రోజుకో ఫిర్యాదు," అన్నాడు. చెప్పుకున్నట్టే ఉంది, చాటుకున్నట్టూ ఉంది.

"మేస్త్రి బట్టలు చూపించు."

"చూసుకో. లేని దురద కొనితెచ్చుకోవడం నీకలవాటేగా."

కానిస్టేబుల్ ప్లాస్టిక్ కవరు తెచ్చి బల్ల మీద పడేశాడు. చొక్కా, పంట్లాం. పంట్లాం అంచు మడత ఆమె గోటితో విప్పింది. నలుపూ నీలమూ కలిసిన జిగట బురద, అందులో చిన్న గవ్వల పెంకులు. ముక్కు దగ్గర పెట్టుకుంది. కవరు పక్కన శవం ఫోటోలున్నాయి. రెండు అరచేతుల మీదా తేనెరంగు మరకలు.

"ఇదెక్కడి బురద?"

"సముద్రం ఒడ్డున బురద కాక బంగారం అంటుకుంటుందా?"

"ఏ ఒడ్డున? ఆ బీచ్‌లో బురదెక్కడుంది? రాళ్ళగోడ కట్టాక ఉన్న ఇసుక కాస్తా సముద్రం లాక్కుపోయింది. వచ్చిపోయే షోకిల్లాల కాళ్ళకి రాళ్ళు గుచ్చుకుంటున్నాయని ఎక్కడిదో ఏటి ఇసుక లారీల్లో తెచ్చి పోశారు. అక్కడ నెల రోజులు దొర్లినా ఒంటికి అంటేది పసుపుపచ్చ ఇసుకే. ఇది పాయ బురద."

"ఏ పాయ?"

అదీ సంగతి. ఏ పాయ అని అడిగేవాళ్ళ చేతుల్లోనే ఉంది ఊరు.

మిరపకాయ నడక నేర్చింది ఆ బురదలోనే. సముద్రంలోంచి ఓ పాయ వాళ్ళ వీధి వెనకదాకా వచ్చేది. పడవలు పెరటి గుమ్మాలకే కట్టేసుకునేవాళ్ళు. పోటు తగ్గి నీళ్ళు తీసినప్పుడు పిల్లలు ఆ బురదలో నడుంలోతు దిగబడేవాళ్ళు, తల్లులు వీపు మీద ఒకటిచ్చి కడిగేవాళ్ళు, కడిగినవాళ్ళు కడిగినట్టే మళ్ళీ దిగేవాళ్ళు. తర్వాత హోటళ్ళు వచ్చాయి. హోటళ్ళవాళ్ళకి పాయ కంపు కొట్టింది. ఒడ్డంట రోడ్డు పడింది. రోడ్డుకి అడ్డమని పడవలవాళ్ళను రైలుపట్టాల అవతలికి, సముద్రం హోరైనా వినపడని చోటికి తోలేశారు. కూల్చిన ఇళ్ళ రాళ్ళూ పెంకులూ లారీలకెత్తి పాయలో దింపారు. వాళ్ళ ఇళ్ళతోనే వాళ్ళ పాయను పూడ్చారన్నమాట! పైన మట్టి పరిచి పార్కన్నారు. కొన్నేళ్ళకి పార్కు బోర్డు తీసేసి టవర్ లేపారు. ఇప్పుడు దాని గేటు మీద సముద్రం బొమ్మ వేసుకున్నారు. తలుచుకుంటేనే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"పూడ్చిన పాయలో మునిగాడంటావు," ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "అంటే నేల మీద మునిగాడా?"

"అది కనుక్కునే నీకు చెప్తా. అల్లుడితో పది నిమిషాలు మాట్లాడనీ."

"మాట్లాడుకో. ఐదింటిదాకా వాడు నీవాడే."

* * *

లాకప్‌లో అల్లుడు గోడకానుకుని కూర్చున్నాడు. పెదవి వాచిపోయి ఉంది. ఆమెను చూసి లేవబోయి, నడుం పట్టేసి, మళ్ళీ కూలబడ్డాడు.

"కొట్టారా?"

అతను వాచిన పెదవిని భుజానికి రాసుకున్నాడు.

"చూడు, నీ పెళ్ళాం బయట బెంచీ మీదుంది. పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నువ్విలా నోట్లో నాలుక లేనట్టు కూర్చుంటే ఆ పిల్ల జైలు గేటు దగ్గర ముసలిదైపోతుంది. మీ మావ చేతులకి గుగ్గిలం ఉంది. పడవ పలకల సందుల్లో నార కూరి, మీద గుగ్గిలం పూస్తేనే అలా అంటుకుంటుంది. షెడ్డుకి పడవ వచ్చి ఏడాది దాటిందని నీ భార్యే చెప్పింది. మరి ఆయన గుగ్గిలం ఎక్కడ పూశాడు?"

అల్లుడు తలుపువైపు చూశాడు.

"ఎవరూ లేరు. చెప్పు."

"నేనేం చెప్పినా అది ఆయన దగ్గరికే పోతుంది కదక్కా. ఆయన సామాను దింపింది నేనే."

"ఎవరి సామాను?"

"ఇన్‌స్పెక్టర్ గారిది. టవర్‌లో, రెండో అంతస్తు. బీరువా నా వీపు మీదే ఎక్కింది."

మిరపకాయకు ఇందాకటి ఫోను గుర్తొచ్చింది. కొత్తిల్లు. సముద్రపు గాలి. ఉబ్బిన తలుపు.

"నువ్వు టవర్‌లో చేసేది ట్యాంకర్ పని కదా?"

"అవునక్కా. పగలు మంచినీళ్ళు తెచ్చి పోస్తా. చీకటి పడ్డాక ఉప్పునీళ్ళు పట్టుకెళ్ళి మురిక్కాలవలో వదిలేస్తా."

"ఉప్పునీళ్ళెక్కడివి?"

"కింద పార్కింగ్‌లోవి. గోడ కారుతుంది. సిమెంటు పూశారు, మందులు కొట్టారు, ఎవరెవరో వచ్చి చూసిపోయారు. పోటు వచ్చిందంటే మళ్ళీ మామూలే, అమావాస్యకైతే రెండు పంపులు వేసి తోడాలి. ఓ రోజు మేనేజరు తల పట్టుకు కూర్చుంటే, నా నోరు ఊరుకోక, మా మావయ్య చెయ్యి పెడితే పడవలో చుక్క కారదండీ అన్నా. అంతే, పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా రాత్రిళ్ళు వచ్చి చెయ్యమన్నాడు."

"చేశాడా?"

"చేశాడు. ఎన్నాళ్ళకో పని దొరికిందని మురిసిపోయాడక్కా. పని అయ్యేకొద్దీ ఆయన మొహం మాడిపోయింది. 'ఇది కారడం కాదురా, పాయ తిరిగొస్తోంది. నార పెట్టి పాయనాపుతారా ఎవరైనా? కింద మట్టి కదిలిపోతోంది. పైనున్నవాళ్ళకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా' అని రోడ్డు మీద పట్టుకున్నాడు. ఉద్యోగం పోతుంది మావయ్యా, మీరు ఊరుకోండని నేనరిచా." అతను మోకాళ్ళ మధ్యకి తల దించుకున్నాడు. "ఊరుకోనన్నాడు. ఆ రాత్రే మేనేజరుతో ముఖాముఖీ తేల్చుకుంటానని టవర్‌కి వెళ్ళాడు. నేను వెంట వెళ్ళలేదక్కా. ఉద్యోగం కోసం వెళ్ళలేదు."

ఆమెకు జాలి రాలేదు. వచ్చింది కోపమే. వీడి మీద, వీడి మెడ మీద కూర్చున్నవాళ్ళ మీద, అందరి మీదా.

"నీకో చెంపదెబ్బ బాకీ. బయటికి తీసుకొచ్చాక వడ్డీతో ఇస్తా," అని లేచింది.

బెంచీ మీద కూతురు ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని ఉంది. పొద్దున షెడ్డు నుంచి తెమ్మని మిరపకాయే చెప్పింది. లోపల చెక్కసుత్తి, మొండి ఉలి, మేస్త్రి చుట్టి పెట్టుకున్న నార.

"ఇది నాన్న చేత్తో పురి పెట్టిందేనా?"

"ఇంకెవరు పెడతారక్కా? చూడు, పురి ఎటు తిరిగిందో. అందరూ కుడికి తిప్పితే నాన్న ఎడమకి తిప్పేవాడు. ఎడంచేతివాటం కదా. వీధిలో అంతా వంకర పురి మేస్త్రీ అని ఏడిపించేవాళ్ళు." నవ్వబోయి ఆ పిల్ల ఏడ్చేసింది.

మిరపకాయ సంచి భుజాన తగిలించుకుంది. "ఐదులోపు వస్తా. అంతలో ఎవరైనా కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకు. మంచినీళ్ళు తాగు ముందు."

* * *

టవర్ ఆఫీసులో మేనేజరు టై సర్దుకుంటూ ఎదురొచ్చాడు. నవ్వు చెవిదాకా సాగదీయడం వచ్చినవాడు.

"ఫ్లాట్ చూడ్డానికా మేడం? రండి రండి. సముద్రం మన బాల్కనీలో ఉన్నట్టే ఉంటుంది."

"బాల్కనీలోనేనా? కింద కూడా ఉంటుందా?"

"ఆఁ?"

"పార్కింగ్ చూపించండి. మా ఆయనకి ఇంటికంటే కారు మీద ప్రేమెక్కువ." ఆమెకు ఆయనా లేడు, కారూ లేదు.

"పార్కింగ్‌లో పెయింటింగ్ జరుగుతోంది మేడం. వాసన. మీరు ముందు మోడల్ ఫ్లాట్..."

"వాసనలు నాకు పడతాయి," అని ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. మేనేజరు మేడం మేడం అంటూ వెనక పరిగెత్తాడు.

కింద ఎవరూ పెయింటింగ్ చెయ్యడం లేదు. ఒక్క కారు కూడా లేదు. మూల ఎక్కడో పంపు రొద పెడుతోంది. సముద్రం వైపు గోడకి నడుమెత్తున అడ్డంగా ఒక పట్టీ మేర మాత్రం కొత్త తెల్లరంగు మెరుస్తోంది. మిగతా గోడ పాతరంగే. కొత్త రంగు కింద నించి ఇంకో వాసన వస్తోంది. మిరపకాయ ఆగి గాఢంగా పీల్చింది. గుగ్గిలం. ఆ వాసన ఎంత రంగు పూసినా చావదు.

"ఆ పంపేంటి?"

"తాగేనీళ్ళది మేడం. పైకి ఎక్కించడానికి."

పంపు పక్కన ఇనుపరేకు మూత వేసిన గుంట ఉంది. ఆమె కాలితో రేకుని పక్కకి తోసింది. లోపల నల్లటి నీళ్ళు. గుంట అంచున నీలి నలుపు బురద, గవ్వల పెంకులు. చిన్నప్పుడు వీపు మీద తిన్న దెబ్బలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆమె వంగి ఓ దోసెడు నీళ్ళు తీసి మేనేజరు మొహం ముందు పెట్టింది.

"తాగేనీళ్ళన్నావుగా. తాగు."

మేనేజరు నవ్వు ఊడిపోయింది. "మేడం, మీరు..."

"తాగరా!"

ఆ అరుపుకి పార్కింగంతా మోగింది. అతను ఓ అడుగు వెనక్కేశాడు. ఆమె దోసిలి విదిలించి, తడి వేలు నాలికకి రాసుకుంది. "పచ్చి ఉప్పు. పడవల మేస్త్రి ఊపిరితిత్తుల్లో ఉన్న ఉప్పే. ఆయన ఇక్కడికి ఎన్నిసార్లొచ్చాడు?"

"ఏ మేస్త్రి? నాకు తెలీదు. అయినా మీరెవరు?"

"నన్ను మిరపకాయంటారు. ఎందుకంటారో కాసేపట్లో తెలుస్తుంది. ఈ గోడకి పని చేసిందెవరు?"

"ప్లంబరు."

"ప్లంబరు నార కూరతాడా?" సంచిలోంచి మొండి ఉలి తీసి కొత్తరంగు మీద గీసింది. పెచ్చు లేచింది. లోపల సందు, సందు నిండా పొరమీద పొరగా దట్టించిన నార. చివర పట్టుకుని జానెడు బయటికి లాగింది. తేమకు ఉబ్బి బరువెక్కి ఉంది. సంచిలోని నారచుట్ట దాని పక్కన పెట్టింది. రెండింటి పురీ ఎడమకే. ఎంత శ్రద్ధగా కూరాడు ముసలాయన! వీధి మొత్తం వెక్కిరించిన చేతివాటం ఆ గోడలో దాక్కుని ఆమెకోసం ఎదురుచూస్తున్నట్టుంది.

"ఇదిగో, ఇది ఆయన చేతిపని. ఆ రాత్రి మీతో తేల్చుకోవడానికి ఇక్కడికే వచ్చాడు. వచ్చినవాడు మళ్ళీ మెట్లెక్కలేదు. ఈ గుంటలోనే మునిగాడు."

"అబద్ధం! ఆ గుంటలో మనిషెలా మునుగుతాడు? మోకాళ్ళ లోతు కూడా లేదు!"

"అదే నేనూ అంటున్నా," ఆమె గొంతు తగ్గింది. తగ్గినప్పుడే ఆమెకు భయపడాలని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. "మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డ మనిషి మునిగి చావాలంటే, ఆ మనిషి మెడ మీద ఇంకొకడి చెయ్యి ఉండాలి. ఎవడి చెయ్యి?"

మేనేజరు మెట్లవైపు చూశాడు. కుడిచెయ్యి జేబులోకి పోయింది. తుపాకీ ఏమోనని ఆమె పక్కకి జరిగింది. కాదు, ఫోను.

"ఇన్‌స్పెక్టర్ గారికి ఇందాకే మెసేజ్ పెట్టా," అన్నాడు, కొంచెం ధైర్యం తెచ్చుకుని. "మీరు గోడ గీస్తున్నప్పుడే. వస్తున్నారు."

"రానీ. వాడికోసమే చూస్తున్నా."

* * *

ఇన్‌స్పెక్టర్ మెట్లు దిగుతూనే కేకలందుకున్నాడు. "ఇది ప్రైవేటు స్థలం. నువ్విప్పుడు పోలీసువి కాదు. ఒక్క ఫోన్ కొట్టానంటే ఆ బోర్డు కూడా ఉండదు నీకు!"

"కొట్టు. ఆ ఫోనులోనే ఇంకోటి కూడా అడుగు. ఈ టవర్‌లో ఇల్లు నీకెందుకిచ్చారో."

అతని మొహం కందగడ్డలా అయింది. "కొనుక్కున్నా."

"కొనుక్కున్నావో, ఇచ్చారో అది తర్వాత. కాపలా కుక్కకి బొమిక వేసినవాడు ఏ ఇంటికి కన్నం వెయ్యబోతున్నాడో కుక్కైనా వాసన చూస్తుంది. నువ్వదీ చూడలేదు. ఒక్కరోజులో కేసు తేల్చానని ఛాతీ విరుచుకున్నావు. అమాయకుణ్ణి పట్టుకుని పెదవి పగలగొట్టావు."

"రుజువుందా? నోరు కాదు, రుజువు!"

ఆమె ఒక్కొక్కటే చూపించింది. పంట్లాం మడతలో బురద, గుంట అంచున అదే బురద. అరచేతుల మీద గుగ్గిలం, గోడలో అదే గుగ్గిలం. ఎడం పురి నార, దాని పక్కన ఎడం పురి నార. ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకుని విన్నాడు. వింటున్నకొద్దీ కట్టుకున్న చేతులు జారాయి. ఎంత పొట్ట పెరిగినా ఒకప్పుడు బ్యాచ్‌లో మంచి పోలీసే అతను. అది ఆమెకు తెలుసు, అందుకే ఇంకా కోపం.

"పురి ఎటైనా తిరగొచ్చు," అన్నాడు చివరికి. అతని గొంతే అతని మాట నమ్మడం లేదు.

"సరే, పురి వదిలెయ్. ఇవాళేం తిథి?"

"తిథి ఏంటే?"

"అమావాస్య. పెద్ద పోటు. నాలుగు దాటితే నీళ్ళు ఎక్కడం మొదలవుతుంది. మేనేజరు గారూ, అమావాస్యకి రెండు పంపులు వేస్తారని మీ ట్యాంకర్ డ్రైవరే చెప్పాడు. నాకొకటే వినిపిస్తోంది. రెండోది ఏదీ?"

ఆ ప్రశ్నకి మేనేజరు తుళ్ళిపడ్డాడు. మేస్త్రి మాటెత్తినప్పుడు లేని భయం అతని కళ్ళలో ఇప్పుడు కనిపించింది.

"కాలిపోయింది," అన్నాడు మెల్లిగా. "నిన్న. కొత్తది రేపొస్తుంది."

ఆ క్షణానే గోడలోంచి చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు, తడిగుడ్డ పిండినట్టు. ఆమె ఉలితో గీసిన చోటుకి చాలా అవతల, ఎవరూ ముట్టుకోని చోట, తెల్లరంగు పొంగి పగిలింది. నార ముద్ద ఒకటి నేలమీద పడింది. దాని వెనకే నీళ్ళు, నీళ్ళతోపాటు నల్లటి మట్టి, అందులో ఒక పెంకు ముక్క. ఇంటికప్పు పెంకు. మిరపకాయ దాన్ని గుర్తుపట్టింది. వాళ్ళ వీధిలో ఇళ్ళన్నీ ఆ ఎర్రపెంకులవే.

"మట్టి వస్తోంది," అంది. "నీళ్ళొక్కటే అయితే తోడొచ్చు. ఇది పునాది కింది మట్టి. మేస్త్రి చెప్పింది ఇదే కదూ నీకు?"

మేనేజరు గోడకి వీపు ఆన్చి జారిపోయాడు.

"పైకెళ్ళి తలుపు తలుపూ కొడతానన్నాడు," అన్నాడు. ఎవరూ అడక్కుండానే మాటలు దొర్లుతున్నాయి. "ఒక్కో ఇంటికీ వెళ్ళి చెప్తానన్నాడు, పిల్లల్ని తీసుకుని దిగిపొండని. ఇంకో పదిహేను ఇళ్ళు అమ్ముడుపోతే చాలు, తర్వాత ఎలాగోలా సర్దుకునేవాళ్ళం. కాళ్ళు పట్టుకున్నా. వినలేదు. మెట్లెక్కబోతే పట్టి లాగా. గుంటలో పడ్డాడు. లేవబోయాడు... నేను లేవనివ్వలేదు. తెల్లారకముందే రోడ్డు దాటించి రాళ్ళలో పడేశా."

పంపు రొద పెడుతూనే ఉంది. అంతలో అదీ దగ్గింది, గరగరమంది, బురద మింగి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి నడుం దగ్గరి సంకెళ్ళకి వెళ్ళింది. మిరపకాయ ఆ చేతిని ఫెడీమని కొట్టింది.

"అది తర్వాత! వీడెక్కడికీ పోడు, కాళ్ళలో సత్తువ లేదు. ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి అల్లుణ్ణి వదలమను. ఫైరింజన్లని పిలువు. పైన మనుషులున్నారు!"

అతను స్టేషన్‌కి చెప్పాడు. రెండు ముక్కల్లో, తడబడుతూ చెప్పాడు. "మేస్త్రి అల్లుణ్ణి వదిలెయ్యండి. ఆఁ, వదిలెయ్యమంటున్నా! ఫైర్‌వాళ్ళని టవర్‌కి పంపండి." ఆ మాట కోసమే మిరపకాయ పొద్దుట్నుంచీ పళ్ళు బిగించుకుని ఉంది. తీరా విన్నాక సంతోషించడానికి తీరిక లేకపోయింది. చీలమండ దాకా నీళ్ళు వచ్చేశాయి.

ఇన్‌స్పెక్టర్ వేళ్ళు ఇంకో నంబరు నొక్కాయి. తొందరలో ఫోను జారబోతే ఆమే పట్టుకుని స్పీకరు నొక్కి అతని చేతిలో పెట్టింది.

"అమ్మా! బాబు ఎక్కడున్నాడు?"

"ఇక్కడే, ఆడుకుంటున్నాడు," అంది అవతల ఆ గట్టి గొంతు, తాపీగా. "వీడి ఆట చూసి నవ్వలేక చస్తున్నానురా. వంటింట్లో గోళీ పెడుతున్నాడు, అది దానంతటదే దొర్లుకుంటూ హాలు దాటి బాల్కనీ దాకా పోతోంది. నిన్న సగం దాకే పోయేది. కొత్తిల్లు ఎంత నున్నగా కట్టారో!"

మిరపకాయ, ఇన్‌స్పెక్టర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది నున్నదనం కాదు, నేల వాలడమని ఇద్దరికీ అర్థమైంది.

"అమ్మా, ఏదీ తీసుకోకు. వాణ్ణెత్తుకుని కిందికి వచ్చెయ్. ఇప్పుడే. పరిగెత్తు!"

"ఎలా రాను? పొద్దున్నే చెప్పానా, తలుపు బిగుసుకుపోయిందని? ఇందాక గట్టిగా గుంజితే పిడి ఊడి చేతికొచ్చింది. పైన గుమ్మం కూడా వంకరైనట్టుంది."

మిరపకాయ మేస్త్రి సంచి భుజానేసుకుని అప్పటికే మెట్లెక్కుతోంది. చెక్కసుత్తి ఉలికి తగిలి టకటకమంటోంది. ఇన్‌స్పెక్టర్ నీళ్ళలో పడుతూ లేస్తూ ఆమె వెనక పడ్డాడు. అతని చేతిలో ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"వడ్రంగిని పంపిస్తానన్నావు కదా, ఇంకా రాలేదేంరా?"